అయ్యగారి సాంబశివరావు: ట్రాంబే నుండి చర్లపల్లి వరకు

జీవితచరిత్ర అనగానే మన విద్యార్థుల మనస్సుకు కవియో, రాజో, సంస్కర్తయో స్ఫురించుట సహజం. పాఠ్యగ్రంథాలు నేర్పిన అలవాటది. తెలుగు పాఠం చెప్పే మాకు కూడ ఆ త్రోవ సుపరిచితమైనది, సులభమైనది. అయినా ఈ సంచికకు మేము ఒక ఇంజనీరు జీవితాన్ని ఎన్నుకొన్నాము. ఆయన పద్యం వ్రాయలేదు, గద్దె నెక్కలేదు. మన దేశంలో అచ్చంగా మన చేతులతో చేసిన చిన్న కంప్యూటర్లు బజారులోనికి రావటానికి ఆయన కారకుడు. అవి తయారైన చోటు మన హైదరాబాదు. ఆ పేరుతో ఒక పెద్ద కాలనీయే ఈ నగరంలో ఉన్నది. ఆ కాలనీలో అద్దెకుంటూ మన కళాశాలకు వచ్చే పిల్లలను ఆయన ఎవరని అడిగితే, ఎవరో మంత్రిగారై ఉంటారని బదులు చెప్పినారు. ఈ వ్యాసానికి ఆ జవాబు చాలు.

అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లు గ్రామంలో జన్మించినారు. భీమవరం దాపున, కాలువ నీటితో పండే పల్లె అది. మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడ అదే. అటువంటి పల్లెటూరి నుండి బయలుదేరి ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం అభ్యసించినారు. అక్కడనే కొంతకాలం బోధించినారు. ఆ కాలంలో తెలుగు విద్యార్థులకు కాశీ దూరమైన ఊరేమీ కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నుండి 1948 వరకు ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉండినారు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తొలి దినాలలో రావుగారు టాటా విద్యార్థి వేతనంపై అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టం పొందినారు. ఆయన వెళ్ళిన సమయం గమనింపదగినది. యుద్ధకాలంలో రాడారు కోసం, రేడియో కోసం జరిగిన పరిశోధన యావత్తు అప్పుడే విశ్వవిద్యాలయాల తరగతి గదులలోనికి ప్రవహించుచున్నది. స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు విభాగానికి పెద్దగా ఉన్న ఫ్రెడరిక్ టెర్మన్ శిష్యులు ఇద్దరు, హ్యూలెట్, పేకార్డ్ అనేవారు, 1939లోనే కొలత పరికరాల సంస్థను నెలకొల్పియున్నారు. విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆలోచన ప్రక్క వీధిలోని కర్మాగారంలో వస్తువుగా మారుట అక్కడ నిత్యం కనబడే దృశ్యం. భౌతికశాస్త్రజ్ఞుడుగా వెళ్ళిన మనిషి పరికరాల మనిషిగా తిరిగి వచ్చినాడు.

తిరిగి వచ్చి ఆయన చేరినది హోమీ భాభా వద్ద. భాభా 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను ప్రారంభించి, దానిని బొంబాయిలో పెద్దర్ రోడ్డులోని ఒక బంగళాలో నడుపుచుండినారు. విశ్వకిరణాల పరిశోధన అప్పటి ముఖ్య విషయం. ఆకాశం నుండి వచ్చే కణాలను లెక్కించుటకు గైగర్ గొట్టాలు, వాటి వెనుక ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు కావాలి. వాటిని విదేశాల నుండి తెప్పించుటకు డబ్బు కావాలి, నెలల తరబడి ఎదురుచూడాలి, చెడిపోతే మరల అదే తతంగం. భాభాకు ఈ పద్ధతి ససేమిరా నచ్చలేదు. పరిశోధనకు కావలసిన పరికరం పరిశోధకుడే చేసుకొనవలెనన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలకు చేతులు, వేళ్ళు అయినవాడు సాంబశివరావు.

1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఏర్పడినది. 1967లో దానికే భాభా పేరు పెట్టినారు. అక్కడ కట్టిన మొదటి రియాక్టరు అప్సర, 1956 ఆగస్టు 4న పని ఆరంభించినది. అందలి ఇంధనం బ్రిటను నుండి వచ్చినది గాని, దానిని అదుపులో ఉంచే నియంత్రణ వ్యవస్థ మాత్రం రావుగారి బృందం ఇక్కడనే తయారుచేసినది. ఇది చిన్న విషయం కాదు. రియాక్టరులో ఒక యురేనియం కేంద్రకం పగిలినప్పుడు వెలువడే న్యూట్రాన్లు మరికొన్ని కేంద్రకాలను పగులగొట్టును. ఈ గొలుసు అదుపు తప్పకుండ న్యూట్రాన్ల సంఖ్యను క్షణక్షణం కొలవవలెను. హద్దు దాటగానే నియంత్రణ కడ్డీలు వాటంతట అవే క్రిందికి జారవలెను. మనిషి చూచి, ఆలోచించి, మీట నొక్కే లోపల జరుగరానిది జరిగిపోవచ్చు. కాబట్టి ఆ ఆలోచన యంత్రానికే అప్పగించవలెను. రియాక్టరు పనికీ కంప్యూటరు పనికీ చుట్టరికం ఇక్కడ మొదలైనదని మేము భావిస్తున్నాము.

ఇక్కడ చిన్న ప్రస్తావన అవసరం. మన దేశంలో తొలి కంప్యూటరు ట్రాంబేలో పుట్టలేదు. భాభా నెలకొల్పిన టాటా సంస్థలోనే ఆర్. నరసింహన్ నాయకత్వాన ఒక యువక బృందం పెద్ద గణకయంత్రమొకటి నిర్మించినది. 1960 నాటికి అది పనిచేయసాగినది. 1962లో ప్రధాని నెహ్రూ దానికి టిఫ్రాక్ అని నామకరణం చేసినారు. దానిలో రమారమి 2,700 వాల్వులు ఉండెను. గది నిండ ఆక్రమించిన ఆ యంత్రం ఘనకార్యమే. అయితే అది ఒక్కటే. రెండవది తయారుచేసి అమ్మవలెనన్న తలంపు ఎవరికీ లేదు. ప్రయోగశాలలో ఒకటి చేయటం వేరు, వంద చేయటం వేరు. సాంబశివరావు జీవితమంతా ఈ రెంటి మధ్యనున్న దూరాన్ని దాటుటకే వెచ్చింపబడినది.

1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చినది. నెల రోజులలో ముగిసిన ఆ యుద్ధం దేశానికి చేదు అనుభవాన్ని మిగిల్చినది. కొండలలో చిక్కుకున్న సైనికులకు చలిదుస్తులు లేవన్న సంగతి అందరికీ తెలుసు. సరియైన వైర్‌లెస్ పరికరాలు లేవన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు. ఎలక్ట్రానిక్స్ అంటే పాటలు వినే రేడియో కాదు, దేశరక్షణ అని పాలకులకు అప్పుడు తట్టినది. 1963 ఆగస్టులో ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించినది. విక్రమ్ సారాభాయి, సూరి భగవంతం అందులో సభ్యులు. సాంబశివరావు కార్యదర్శి.

నలుగురిలో ఇద్దరు తెలుగువారు కావటం మనం మరచిపోరాదు. భగవంతంగారు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1950లలో ఉపాధ్యక్షులుగా పనిచేసినవారు. కమిటీ నాటికి ఆయన రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారు. రక్షణ పరిశోధన ప్రయోగశాలలన్నీ ఆయన అజమాయిషీలో ఉండెను. అణుశక్తి ఒకవైపు, రక్షణ పరిశోధన ఇంకొకవైపు కూర్చుండి ఒకే బల్లపై మాట్లాడుకొన్న సందర్భమది. 1966 నుండి 1975 వరకు పదేండ్లలో దేశానికి ఏయే ఎలక్ట్రానిక్ వస్తువులు ఎన్ని కావాలో, వాటిని ఎక్కడ చేయాలో ఆ కమిటీ లెక్క కట్టినది. కార్యదర్శి పని అనగా నలుగురు చెప్పినది వ్రాసుకొనుట కాదు. పట్టికలు, అంచనాలు, కర్మాగారాల వివరాలు సేకరించే బరువంతా ఆయనదే. నివేదిక సమర్పించవలసిన వేళకు, 1966 జనవరి 24న, భాభా ప్రయాణిస్తున్న విమానం ఆల్ప్స్ పర్వతాలలోని మాఁ బ్లాఁ శిఖరాన్ని ఢీకొన్నది. అధ్యక్షుడు లేని నివేదిక ఆ మరుసటి నెలలో వెలువడినది.

ఇప్పుడు కొంచెం పడమటి దేశాల సంగతి చెప్పక తప్పదు. కంప్యూటరును చిన్నది చేయవచ్చునన్న ఊహ అమెరికాలో ఒక రక్షణ పరిశోధనాలయంలో మొలకెత్తినది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని లింకన్ ప్రయోగశాల అది. సోవియట్ బాంబర్లను రాడార్లతో కనిపెట్టే గగనరక్షణ వ్యవస్థకోసం ఆ ప్రయోగశాలను 1951లో స్థాపించినారు. ఆ వ్యవస్థలోని ఒక్కొక్క కంప్యూటరు బరువు 250 టన్నులు. అంత పెద్ద యంత్రాల నడుమ పనిచేస్తూ అక్కడి యువ ఇంజనీర్లు ట్రాన్సిస్టర్లతో చిన్న ప్రయోగ యంత్రాలు చేసినారు. ఆ యంత్రాల ఎదుట మనిషి కూర్చుండి నేరుగా పని చేయించుకొనవచ్చును. వారిలో కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ అనే ఇద్దరు 1957లో 70,000 డాలర్ల పెట్టుబడితో ఒక పాత ఉన్ని మిల్లులో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థ ప్రారంభించినారు. ఆ సంస్థ 1963లో చేసిన పన్నెండు బిట్ల యంత్రానికి ప్రేరణ కెనడాలోని చాక్‌రివర్ రియాక్టరు అవసరాలే. 1965లో వచ్చిన పి.డి.పి.–8 అనే యంత్రం వెల 18,000 డాలర్లు. పెద్ద యంత్రాల వెల లక్షలలో ఉండిన రోజులవి. ఇంగ్లండులో చిన్న కారుకూ పొట్టి గౌనుకూ వాడుచుండిన మినీ అనే మాట ఈ యంత్రాలకు కూడ అంటుకొన్నది.

పన్నెండు బిట్లు అనగా ఏమి? సున్న, ఒకటి అనే రెండంకెలు మాత్రమే ఎరిగిన యంత్రం ఒక్కసారికి పన్నెండు స్థానాలు గల సంఖ్యను పట్టుకొనునని అర్థం. పన్నెండు స్థానాలలో 4,096 విధాల సంఖ్యలు ఇముడును. బ్యాంకు ఖాతాలకు ఇది చాలదు. కాని కొలత పరికరాలకు పుష్కలం. న్యూట్రాన్ల సంఖ్యయో, ఉష్ణోగ్రతయో, పీడనమో కొలిచే పరికరం ఇచ్చే కొలతలో అంతకుమించిన సూక్ష్మత సాధారణంగా ఉండదు. అప్పటి జ్ఞాపకశక్తి కూడ చూడముచ్చటైనది. ఆవగింజంత ఫెరైట్ ఉంగరాలను సన్నని తీగలపై అల్లి, ప్రతి ఉంగరాన్ని ఒక దిశగానో మరొక దిశగానో అయస్కాంతీకరించేవారు. కరెంటు పోయినా ఆ ఉంగరాలు నేర్చినది మరువవు. కరెంటు తరచుగా పోయే మన దేశానికి ఇది సరిగా సరిపోయిన గుణం!

ట్రాంబేలోని ఎలక్ట్రానిక్స్ విభాగం ఈ బాటనే ఎంచుకొన్నది. అక్కడ రూపొందిన పన్నెండు బిట్ల యంత్రానికి ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, క్లుప్తంగా టి.డి.సి.–12 అని పేరు. 1969లో అది వెలుగు చూచినది. భాభా తరువాత అణుశక్తి కమిషను అధ్యక్షుడైన సారాభాయి ఆ కార్యక్రమానికి అండగా ఉండినారు. అప్పటికి దేశంలో వ్యాపార సంస్థలు వాడే కంప్యూటర్లలో అధికభాగం ఐ.బి.ఎం. అద్దెకిచ్చినవి. పరదేశాలలో వాడి విడిచిన యంత్రాలకు ఇక్కడ మెరుగులు దిద్ది మనకు అద్దెకిచ్చేవారు. అద్దె మాత్రం క్రొత్తదానికి తగినట్లే ఉండేది. ఆ పరిస్థితిలో ఒక భారతీయ ప్రయోగశాల అమ్మకానికి పనికివచ్చే చిన్న యంత్రాన్ని చేయటం సాహసమే.

అమ్మకానికి సంస్థ కూడ సిద్ధముగా ఉన్నది. ట్రాంబేలో పరికరాలు తయారుచేసే ఉత్పత్తి విభాగాన్ని వేరుచేసి, 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ స్థాపించినారు. అందరూ దానిని ఇ.సి.ఐ.ఎల్. అంటారు. రావుగారే దాని స్థాపకులు. అప్పుడు చర్లపల్లి, కుషాయిగూడ అంటే ఊరికి వెలుపల. బొంబాయి సముద్రతీరాన్ని విడిచి రాళ్ళగుట్టల మధ్యకు వచ్చిన ఇంజనీర్లకు ఆయన ఇచ్చినది జీతమొక్కటే కాదు. బయటినుండి విజ్ఞానాన్ని కొని తెచ్చి దానికి రంగు పూయకుండ, స్వంతంగా రూపకల్పన చేసి, స్వంతంగా తయారుచేసి, చెడిపోతే స్వంతంగా బాగుచేయవలెనన్న నియమం ఇచ్చినారు. విదేశీ సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని విడిభాగాలు తెచ్చి బిగించే పద్ధతి అప్పుడు అన్ని పరిశ్రమలలోనూ ఉన్నది. అది వద్దన్న సంస్థలు బహు కొద్ది.

టి.డి.సి.–12 తరువాత టి.డి.సి.–312, ఆపైన 1970ల నడుమ పదహారు బిట్ల టి.డి.సి.–316 వచ్చినవి. విశ్వవిద్యాలయాలకు, పరిశోధనాలయాలకు, విద్యుత్ కేంద్రాలకు అవి వెళ్ళినవి. వైమానిక దళపు గగనరక్షణ వ్యవస్థకు కావలసిన కంప్యూటర్ల భారం కూడ ఈ సంస్థ భుజాన పడినది. 1962లో కలిగిన గాయానికి కనుగొన్న మందులలో ఇది ఒకటి. లింకన్ ప్రయోగశాలలో ఏ అవసరం చిన్న కంప్యూటరుకు జన్మనిచ్చినదో, అదే అవసరం కొన్నేండ్లు ఆలస్యంగా మన వాకిట నిలిచినది.

ఈ యంత్రాలపై వచ్చిన విమర్శను దాచిపెట్టటం మా ఉద్దేశం కాదు. ధర ఎక్కువన్నారు. ఆర్డరు ఇచ్చిన తరువాత యంత్రం రావటం ఆలస్యమన్నారు. ప్రపంచం ఒక మెట్టు ఎక్కిన తరువాత మన యంత్రం క్రింది మెట్టుకు చేరుచున్నదన్నారు. 1971లో ఎలక్ట్రానిక్స్ కమిషను ఏర్పడిన పిమ్మట, ఈ ఒక్క సంస్థను కాపాడుటకై ఇతరులను అడ్డుచున్నారని కూడ ఆక్షేపించినారు. వీటిలో సత్యం లేకపోలేదు. 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచిపోయినప్పుడు ఏర్పడిన ఖాళీని ఇ.సి.ఐ.ఎల్. ఒంటరిగా నింపలేకపోయినది. మైక్రోప్రాసెసర్ అనే చిటికెనవ్రేలి గోరంత వస్తువు విదేశాల నుండి చవకగా దొరకసాగినది. దానిని ఆధారం చేసుకొని ఢిల్లీ, బొంబాయి నగరాలలోని ప్రైవేటు సంస్థలు చురుకుగా ముందుకు పోయినవి. 1984లో ప్రభుత్వ విధానం మరింత సడలినది. టి.డి.సి. యంత్రాల కాలం ముగిసినది.

అయితే నష్టమెంత అని అడిగేవారు లాభం కూడ లెక్కించవలెను. కొన్న యంత్రం వాడుక నేర్పును, చేసిన యంత్రం తయారీ నేర్పును. ఫెరైట్ ఉంగరాలు అల్లుట మొదలు, యంత్రానికి ఆజ్ఞలిచ్చే ప్రోగ్రాములు వ్రాయుట వరకు ప్రతి అంతస్తులోనూ పనిచేసిన మనుషులు ఈ నగరంలో తయారైనారు. తరువాతి దశకాలలో హైదరాబాదుకు సాఫ్ట్‌వేరు నగరమన్న పేరు వచ్చినప్పుడు పత్రికలు అద్దాల మేడల బొమ్మలు వేసినవి. అంతకు ముప్పది ఏండ్ల ముందే చర్లపల్లి రేకుల షెడ్లలో సోల్డరింగు కడ్డీ పట్టుకొని కూర్చున్నవారి బొమ్మలు ఎవరూ వేయలేదు. వారిలో పాలిటెక్నిక్ చదివినవారు, ఐ.టి.ఐ. చదివినవారు ఎందరో. మన కళాశాలలో చదివే పిల్లలవంటి ఇండ్ల నుండి వచ్చినవారే వారంతా. తెలుగులో, ఉర్దూలో మాట్లాడుకొంటూ పన్నెండు బిట్ల యంత్రాలు బిగించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు దారుత్తర్జుమా ఒకప్పుడు రసాయనశాస్త్రానికి, వైద్యానికి ఉర్దూ పదాలు సృష్టించినది. అటువంటి ప్రయత్నం కంప్యూటరు విషయంలో రెండు భాషలలోనూ సకాలంలో జరుగలేదు. భాషా బోధకులమైన మాకు ఇది కొంత సిగ్గు కలిగించే మాట.

రావుగారి దృష్టి కంప్యూటర్లపైననే నిలువలేదు. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేసిన గొప్ప ప్రయోగమొకటి జరిగినది. ఆ గ్రామాలలో పెట్టిన టెలివిజన్ పెట్టెలు ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసినవి. మన రాష్ట్రపు పల్లెలు కూడ వాటిలో ఉండెను. దుమ్ము, ఎండ, హెచ్చుతగ్గుల కరెంటు తట్టుకొనవలెను. మరమ్మతుకు మనిషి దగ్గరలో ఉండడు. ప్రయోగశాలలో పనిచేసే పెట్టెను చేయుట కన్న ఇది కష్టం. తరువాత హైదరాబాదులో దూరదర్శన్ వచ్చినప్పుడు, ఇ.సి. టీవీ ఉన్న ఇంటి ముంగిట ఆదివారం సాయంత్రం వీధి పిల్లలంతా చేరేవారని మా పెద్దలు చెప్పుకొంటారు.

1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానం, 1972లో పద్మభూషణ్ ఆయనను వరించినవి. ఆయన నాటిన సంస్థకు 1970ల చివర ఎన్నికల సంఘం నుండి క్రొత్త పని వచ్చినది. ఓట్లు లెక్కించే ఎలక్ట్రానిక్ యంత్రం నమూనా 1979లో ఇక్కడ తయారైనది. 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో తొలిసారిగా యంత్రాలతో ఓట్లు వేసినారు. చట్టంలో అందుకు వీలు లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ పోలింగును చెల్లదన్నది. తరువాత చట్టాన్ని సవరించినారు. కాలక్రమాన ఆ యంత్రం దేశంలోని ప్రతి ఊరి పాఠశాలకూ చేరినది. మొగల్లు పాఠశాలకూ చేరియుండును.

సాంబశివరావుగారు 2003లో పరమపదించినారు. ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగులు గుట్టలు చదును చేసి కట్టుకొన్న కాలనీకి ఆయన పేరు పెట్టుకొన్నారు. ఇప్పుడు అక్కడ బట్టల దుకాణాలు, మిఠాయి అంగళ్ళు, కంప్యూటరు శిక్షణ కేంద్రాలు వరుసగా ఉన్నవి. సికింద్రాబాదు నుండి వచ్చే బస్సు ఏ.ఎస్. రావు నగర్ దాటి ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో ఆగును.